తియ్యటి కత్తెర

బాపట్ల,
6 సెప్టెంబరు 1993.

ప్రియమైన ఎజ్రా గారికి,

ఈ ఉత్తరం తెచ్చిన మన ఐసు ప్లాంటు కుర్రాడు సీమోను చేతిలో ఒక థర్మాకోల్ పెట్టె ఉంటుంది. ముందు దాన్ని ప్లాంటులోకి పంపించి, ఉప్పునీటి తొట్టెలో పెట్టించి, ఆ తర్వాత తీరిగ్గా కూర్చుని ఇది చదవండి. పంపించారా? నిజంగా పంపించారా, లేక చదువుతూనే ఉన్నారా? మీ సంగతి నాకు తెలుసు. లేవండి.

ఇప్పుడు వినండి. మా ల్యాబ్ ఫ్రీజర్ కంప్రెసరు కాలిపోయింది. మెకానిక్ తెనాలి నుంచి రావాలి, ఆయన వస్తే సామాను రాదు, సామాను వస్తే ఆయన రాడు. కరెంటు సంగతి మీకు చెప్పేదేముంది. ఈలోపు నేను ఆరు నెలలుగా ఎదురు చూస్తున్న ఎంజైములు దిగాయి. ఇవి చలిలో లేకపోతే రెండు రోజుల్లో పనికిరాకుండా పోతాయి. మీ తొట్టె ఉంది కదా అనిపించింది. తొట్టెడు ఉప్పునీళ్ళు, కరెంటు పోయినా పూటంతా చలి తగ్గదని మీరే గొప్పలు చెబుతుంటారుగా. ఆ గొప్ప ఇప్పుడు నిజం చెయ్యండి.

పోయిన ఆదివారం "అసలు రోజంతా అక్కడ ఏం చేస్తావే?" అన్నారు. చేపల పులుసు ముందు కూర్చున్న మనిషికి ఏం చెబితే ఎక్కుతుందని ఊరుకున్నాను. ఇప్పుడు చెబుతా. మన నిజాంపట్నం వైపు ఉప్పు చేలల్లో మినుము వేళ్ళకు బుడిపెలు కట్టించే ఒక బాక్టీరియా నాకు దొరికింది. వేరే బాక్టీరియా అయితే ఆ ఉప్పుకు చచ్చి ఊరుకుంటుంది. ఇది చావదు. ఎందుకు చావదో దాని డీఎన్ఏలో ఎక్కడో ఒక ముక్కలో ఉంది. డీఎన్ఏ అంటే పొడుగాటి దారం అనుకోండి. ఆ దారాన్ని ముక్కలు చెయ్యడానికి ఒక ఎంజైము ఉంది, అది నా కత్తెర. ముక్కను మోసుకెళ్ళడానికి ప్లాస్మిడ్ అని చేతి గాజులాంటి చిన్న డీఎన్ఏ చుట్ట ఉంది. గాజును ఒకచోట కత్తిరించి, ఆ సందులో నా ముక్క పెట్టి, జిగురుతో అతికించాలి. ఆ జిగురు కూడా ఎంజైమే, లైగేజు అంటాం. ఆ గాజును ఇంకో మామూలు బాక్టీరియాలోకి ఎక్కిస్తే, అది పిల్లల్ని పెట్టినప్పుడల్లా నా ముక్క కూడా పెరుగుతుంది. పెట్టెలో ఉన్నవి ఆ మూడే: కత్తెర, జిగురు, గాజు. చిటికెన వేలి కణుపంత సీసాలు. చూసి "ఇంతేనా?" అనకండి.

నవంబరు ఇరవయ్యో తారీఖున కమిటీ వాళ్ళు వస్తారు. ముక్క అతుక్కుందని చూపిస్తే నా ప్రాజెక్టు ఇంకో మూడేళ్ళు నడుస్తుంది. చూపించలేకపోతే మూసేస్తారు. అప్పుడు మీకిచ్చిన మాట ప్రకారం రేపల్లె వచ్చేసి స్కూల్లో చేరతాను. తెనాలి ఆశీర్వాదం గారు, మన స్కూలు కరస్పాండెంటు, ఆ సైన్సు టీచరు పోస్టు డిసెంబరు దాకా నా కోసం ఆపుతానన్నారు. మీకూ అత్తయ్యకూ అదే ఇష్టమని తెలుసు. పెళ్ళయిన మూడేళ్ళలో మీరు తిన్న హోటలు టిఫిన్లు తలుచుకుంటే నాకూ జాలేస్తుంది. కానీ ఒక్కమాట చెబుతున్నా, నేను గెలుస్తాను.

అత్తయ్యను మోకాలికి తైలం రాసుకోమనండి. కంపు అంటే ముక్కు మూసుకుని రాసుకోమనండి.

మీ
సామ్రాజ్యం

*

రేపల్లె,
9 సెప్టెంబరు 1993.

నా ప్రియమైన సామ్రాజ్యానికి,

లేచాను తల్లీ, లేచాను. చదువుతూనే లేచాను.

నీ మూడు సీసాలూ స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి, మూత చుట్టూ మైనం పూసి, తీగ కట్టి తొట్టె మూలనున్న ఖాళీ ఐసు డబ్బాలో వేలాడదీశాను. ఆ మూల కంప్రెసరుకు దగ్గర, మొత్తం ప్లాంటులో చలి ఎక్కువ ఉండేది అక్కడే. సీమోనుకు గట్టిగా చెప్పా, ఆ డబ్బా జోలికి వస్తే నీ చెయ్యి ఐసు దిమ్మలో పెట్టి గడ్డకట్టిస్తానని. వాడు అటు వెళ్ళాల్సి వస్తే చేతులు జేబులో పెట్టుకుని వెళ్తున్నాడు.

అమ్మ "కోడలు కత్తెర పంపిందంటగా, నా జాకెట్టు కుట్లు విప్పుకుని ఇచ్చేస్తా, ఓసారి ఇవ్వరా" అంది. ఇది ఆ కత్తెర కాదమ్మా అన్నా. "కొయ్యని కత్తెరను ఐసులో పెట్టి మురవడం మీ ఇద్దరికే చెల్లింది" అని వెళ్ళిపోయింది. తైలం రాసుకుంటోంది, తిట్టుకుంటూ.

నాకొక సందేహం. కంటికి కనపడని దారాన్ని ఈ కత్తెర ఎక్కడ కొయ్యాలో ఎలా తెలుసుకుంటుంది? దానికి కళ్ళా? ఇష్టం వచ్చినచోట కోసేస్తే నీ ముక్క నుజ్జు కాదా? మన రంపం అయితే దిమ్మ మీద గీత గీసి పెడతాం. నువ్వేం గీస్తావు?

ఇక్కడ రొయ్యల లారీలు తెరిపి ఇవ్వడం లేదు. దిమ్మ బయటికి రాగానే పట్టుకుపోతున్నారు. పని బాగుంది. ఇంటికి వెళ్తే మాత్రం, అమ్మ ఉన్నా ఇల్లు బోసిగా ఉంది. నువ్వు గెలిస్తే నీ దగ్గరికి రావడానికి నాకు ఇంకో మూడేళ్ళు చెరుకుపల్లి బస్సే గతి అన్నమాట. సరేలే, ఆ కండక్టరు ఇప్పటికే నన్ను బావ అంటున్నాడు.

నీ
ఎజ్రా

*

బాపట్ల,
15 సెప్టెంబరు 1993.

ప్రియమైన ఎజ్రా గారికి,

మీ సందేహం చదివి నాకు ఎంత సంతోషమేసిందో! మా ఎమ్మెస్సీ పిల్లలు ఇలాంటి ప్రశ్న ఒక్కటీ అడగరు. పరీక్షలో వస్తుందా మేడమ్ అని మాత్రం అడుగుతారు.

డీఎన్ఏ దారం మీద నాలుగే నాలుగు అక్షరాలు, అవే మార్చి మార్చి రాసి ఉంటాయి. నా కత్తెర ఆ దారం పట్టుకుని జారుతూ పోతుంది. ఫలానా ఆరు అక్షరాలు ఫలానా వరసలో కనిపించాయో, అక్కడ ఆగి కోస్తుంది. ఒక్క అక్షరం తేడా ఉన్నా ముట్టుకోదు. ఆ వరస నా బాక్టీరియాలోనూ ఉంది, గాజులోనూ ఉంది. రెండింటినీ ఒకే కత్తెరతో కోస్తే చివర్లు ఒకే రకంగా వస్తాయి. తిన్నగా తెగవు, ఒక పోగు కాస్త పొడుగ్గా, ఒక పోగు పొట్టిగా. పొడుగు పోగులు ఒకదాన్నొకటి వెతుక్కుని పట్టుకుంటాయి. అప్పుడు జిగురు వచ్చి గట్టి చేస్తుంది.

అతుక్కుందో లేదో ఎలా తెలుస్తుందంటారు. పళ్ళెంలో బాక్టీరియాకు తిండి పోసి, అందులో దాన్ని చంపే మందు కలుపుతాం. గాజు ఎక్కించుకున్న బాక్టీరియా మాత్రమే ఆ మందుకు తట్టుకుని బతుకుతుంది. ఆ బతికినవాటిలో ఖాళీ గాజు ఉన్నది నీలం మచ్చగా పెరుగుతుంది. నా ముక్క ఉన్న గాజు అయితే తెల్ల మచ్చ. తెల్ల మచ్చలు రావాలి. అంతే, ఇక నా బతుకంతా ఆ తెల్ల మచ్చల మీద ఉంది.

మా గైడు శివరామయ్య గారికి నేను ఎంజైములు ఎక్కడ పెట్టానో తెలిసింది. "రొయ్యల ఐసు ఫ్యాక్టరీలోనా?" అని కళ్ళజోడు తీసి మరీ చూశారు. మనిషి మంచివారే గానీ, పుస్తకంలో లేనిది చేస్తే ఆయనకు నిద్ర పట్టదు. "పాడైతే ఎవరిదమ్మా పూచీ? మళ్ళీ తెప్పించే టైము లేదు" అన్నారు. నాదండి అన్నాను. "ఆ ప్లాంటు మా ఆయనది. ఆయన దగ్గర ఏదీ పాడవదు" అన్నాను. అందరి ముందు అన్నాను. కాబట్టి మీరు కాస్త చూసుకోండి.

ఇక్కడ బాక్టీరియా నుంచి డీఎన్ఏ తీస్తున్నా. శుభ్రంగా రావడానికి ఇంకో నెల పడుతుంది. అది కాగానే పెట్టె కోసం కబురు చేస్తాను.

మీ
సామ్రాజ్యం

*

రేపల్లె,
4 అక్టోబరు 1993.

ప్రియమైన సామ్రాజ్యానికి,

నువ్వు కంగారు పడకు. కానీ నిన్ను ఎవరో దారుణంగా మోసం చేశారు.

నిన్న తొట్టె కడిగిస్తూ, నీ డబ్బా కూడా ఒకసారి చూద్దామని తెరిచాను. గాజు ఉన్న సీసా రాయిలా గడ్డకట్టింది, బ్రహ్మాండంగా ఉంది. మిగతా రెండూ, కత్తెరా జిగురూ, నీళ్ళలా ఉన్నాయి! నెల రోజులు నా ప్లాంటులో ఉండి గడ్డకట్టలేదు! నేను హడలిపోయాను. ఎందుకంటే మా పనిలో ఒకటే లెక్క. దిమ్మ గట్టిపడకుండా మెత్తగా ఉందంటే డబ్బాకు చిల్లు పడి ఉప్పునీరు దిగిందని అర్థం. అలాంటప్పుడు ఏం చేస్తాం? కాస్త గీకి నాలిక మీద వేసుకుంటాం. ఉప్పగా తగిలితే ఆ దిమ్మ పారబోయాల్సిందే. మా నాన్న నాకు ప్లాంటులో మొట్టమొదట నేర్పిన విద్య అది.

అందుకని కొత్త ఇంజెక్షను సూది కొని, కాగితం అక్కడే చించి, కత్తెర సీసాలో ముంచి ఒక్క చుక్క తీసి నాలిక మీద వేసుకున్నా. ఉప్పు లేదు. తియ్యగా ఉంది! ఇంకో సూదితో జిగురు చూశా. అదీ తియ్యగానే ఉంది.

చక్కెర పాకం, సామ్రాజ్యం. నీకు చక్కెర పాకం అమ్మారు. పురుగుమందు డబ్బాల్లో రంగునీళ్ళు పోసి అమ్ముతున్న రోజులివి, అలాంటివాళ్ళకు కత్తెరా జిగురూ ఒక లెక్కా? పాకం కాబట్టి గడ్డకట్టలేదు. నా ప్లాంటులో తప్పు లేదు.

నువ్వు ఆడమనిషివని లోకువ కట్టి ఉంటారు. నేను ఊరుకుంటానా? శివరామయ్య గారికి నిన్ననే కార్డు రాసి పడేశాను, "నేను స్వయంగా రుచి చూశాను, కత్తెర తియ్యగా ఉంది, కంపెనీ వాళ్ళ మీద కేసు పెట్టండి" అని. ఆయనే చూసుకుంటారు. నువ్వు ధైర్యంగా ఉండు. కొత్తవి తెప్పించమని అడుగు.

నీ
ఎజ్రా

*

బాపట్ల,
9 అక్టోబరు 1993.

ఎజ్రా గారికి,

ప్రియమైన అని రాసే ఓపిక ఈ పూట లేదు.

నా ఎంజైములు నాలిక మీద వేసుకున్నారా? అసలు మీకు మతి ఉండే చేశారా? అందులో ఏముందో తెలియకుండా నోట్లో పెట్టుకున్నారే, అది విషమైతే నేనేమైపోవాలి? ముందు దానికి సమాధానం చెప్పండి.

అది పాకం కాదు. గ్లిజరిన్. ఎంజైము గడ్డకడితే చచ్చిపోతుంది, గడ్డకట్టకుండా చలిలో ఉండాలి. అందుకని సగానికి సగం గ్లిజరిన్ కలిపి పంపుతారు. గ్లిజరిన్ తియ్యగా ఉంటుంది. మీ అనుమానం తీరిందా? అది గట్టిపడకూడదని నేను మీకు రాయలేదు, నిజమే. నాకు తెలిసిన సంగతి లోకానికంతా తెలుసనుకున్నాను. కానీ అనుమానం వస్తే నన్ను అడగాలి. సీసా మూత తీస్తారా?

ఆ కార్డు ముందు శివరామయ్య గారి బల్ల మీదికి వెళ్ళలేదు. మా అటెండరు చదివాడు. తర్వాత మెట్ల మీద నిలబడి ఎమ్మెస్సీ పిల్లలకు వినిపించాడు. ఇప్పుడు నేను వరండాలో నడుస్తుంటే "మేడమ్, కత్తెర తియ్యగా ఉందా?" అని వెనకనుంచి వినపడుతోంది. నేను తిరిగి చూస్తే అందరూ పుస్తకాల్లో తలలు పెడుతున్నారు.

దాన్ని నేను పట్టించుకోను. కానీ శివరామయ్య గారు పట్టించుకున్నారు. తెరిచిన సీసా, బయటి సూది, మనిషి నోరు. "ఇవి కమిటీ ముందుకు రానివ్వను. ప్రాజెక్టు ఆగిపోయిందని రాసేస్తాను" అంటున్నారు. ఆయన చెప్పేది అబద్ధం కాదు. మన ఒంటి మీద, ఉమ్ములో, డీఎన్ఏను ముక్కలు ముక్కలుగా కొరికేసే ఎంజైములు ఉంటాయి. ఒక్క పిసరు సీసాలో పడినా నా పని బూడిదే.

ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. నేను ఓడిపోతే ఇంటికి వస్తానని మీకు తెలుసు. రేపల్లె స్కూల్లో నా కోసం కుర్చీ ఖాళీగా ఉందనీ తెలుసు. అందుకే మీకు అంత చెయ్యి జారిందా? మనసులో లేకుండా మనిషి ఇంత తెలివితక్కువ పని చేస్తాడా? రాయడానికి నాకే బాధగా ఉంది. అయినా రాస్తున్నాను, లోపల పెట్టుకుంటే ఇంకా పాడవుతుంది.

మెకానిక్ వచ్చి ఫ్రీజర్ బాగు చేశాడు, పెట్టె పంపించేయండి.

సామ్రాజ్యం

*

రేపల్లె,
13 అక్టోబరు 1993.

ప్రియమైన సామ్రాజ్యానికి,

నువ్వు రాయకపోయినా నేను రాస్తాను.

పెట్టె సీమోనుతో పంపిస్తున్నా. ఐసు పొడి కొట్టి, ఉప్పు కలిపి, చుట్టూ కూరాను. బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూర్చోమన్నా. రెండు సూదులూ కొత్తవి, అప్పుడే చించినవి, చుక్క తీశాక మళ్ళీ సీసాలో ముంచలేదు. సీసా అంచు నా చేతికి గానీ నోటికి గానీ తగలలేదు. ఉప్పు చూసేటప్పుడు దిమ్మకు ఎంగిలి తగలనివ్వం. జనం తాగే షర్బత్తులోకి వెళ్తుంది అది. కాబట్టి ఆ విషయంలో నా మీద నాకు నమ్మకం ఉంది.

కార్డు మీద రాయడం మాత్రం బుద్ధి తక్కువ పని. శివరామయ్య గారికి ఇవాళ ఇంకో ఉత్తరం రాశా, ఈసారి కవర్లో. తప్పు నాది, నా భార్యది కాదు, ఆవిడ పనిని నా తొందరతో కొలవకండి అని.

నువ్వు అడిగినదానికి వస్తాను. కాదు అని నేను రాయలేను. అవును అని కూడా రాయలేను. నువ్వు లేకపోతే ఇల్లు నాకు బాగుండదు. అది నీకు తెలియని సంగతి కాదు. మిగతాది ఎదురుగా ఉన్నప్పుడు మాట్లాడదాం. కాగితం మీద పెడితే ఎలా వస్తుందో నాకు భయం. నీకున్నంత చదువు నాకు లేదు.

ఒకటి మాత్రం అడుగుతా. దిమ్మ మీద అనుమానం వస్తే మేం ఒక మూల పగలగొట్టి చూస్తాం. మీ దగ్గరా ఏదో ఒక పరీక్ష ఉండే ఉంటుంది. ముందు ఆ పరీక్ష చెయ్యి. ఆ తర్వాత నన్ను తిట్టు. తిట్టడానికి నేను ఎక్కడికీ పారిపోను.

అమ్మ "అది తిన్నదా లేదా కనుక్కో" అంటోంది. తిన్నావా?

నీ
ఎజ్రా

*

బాపట్ల,
2 నవంబరు 1993.

ప్రియమైన ఎజ్రా గారికి,

తింటున్నాను. అత్తయ్యకు చెప్పండి.

మీరన్న పరీక్ష చేశాను. దాన్ని జెల్లు అంటాం. జున్నులాంటి పల్చటి పలక పోసి, ఒక చివర డీఎన్ఏ పెట్టి, కరెంటు ఇస్తే అందులోంచి నడుస్తుంది. చిన్న ముక్కలు చురుగ్గా ముందుకు పోతాయి, పెద్దవి వెనకబడతాయి. చివరికి ప్రత్యేకమైన దీపం కింద పెడితే గీతల్లా మెరుస్తాయి. మీరు రుచి చూసిన కత్తెరతో గాజును కోసి అందులో నడిపాను. కత్తెర పాడైతే గీత కనపడకూడదు, లేదా చెదిరిపోయి మసకగా రావాలి. నా గీత ఎంత తిన్నగా, ఎంత పదునుగా వచ్చిందో! శివరామయ్య గారు చూసి కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు. "మీ ఆయన ప్లాంటు మన ఫ్రీజర్ కంటే నయమే" అన్నారు. ఆయన నోట ఆ మాట రావడం మామూలు సంగతి కాదు. అడ్డు చెప్పడం మానేశారు.

కాబట్టి ఆ విషయంలో మిమ్మల్ని అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను. మీ చెయ్యి శుభ్రమే.

కానీ అతకడం లేదండి. నా బాక్టీరియా ముక్కలు కోశాను, గాజు కోశాను, కలిపాను, జిగురు వేశాను. పళ్ళెంలో మచ్చలు వచ్చాయి. అన్నీ నీలమే. గాజు నా ముక్కను పట్టుకోకుండా దాని రెండు చివర్లూ అదే అతికించుకుని మళ్ళీ ఖాళీగా కూర్చుంటోంది. మళ్ళీ చేశాను. మళ్ళీ నీలమే. ఒక్కటంటే ఒక్క తెల్లది లేదు. కమిటీ నెత్తిమీదికొచ్చింది. జిగురు ఇంకొక్కసారికి సరిపోను ఉంది. నాలో ఓపిక లేదు.

నేను ఇలా రాస్తానని ఎప్పుడూ అనుకోలేదు. నీలం పళ్ళేలు చూసి చూసి అన్నం కూడా నీలంగా కనపడుతోంది. ఇంతమంది ముందు నాదే పూచీ అని నిలబడ్డాను, ఇప్పుడు నవ్వులపాలవుతాను. దానికంటే ముందే నేనే తప్పుకుంటే మర్యాదగా ఉంటుంది. శనివారం తెనాలి వెళ్ళి ఆశీర్వాదం గారిని కలుస్తాను. స్కూల్లో చేరతానని చెప్పేస్తాను. మీకు ఇష్టమైనదే జరుగుతోంది. సంతోషించండి. దెప్పడం లేదు, నిజంగానే అంటున్నాను. కనీసం ఒక్కరైనా సంతోషించాలి.

మీ
సామ్రాజ్యం

*

రేపల్లె,
4 నవంబరు 1993.

ప్రియమైన సామ్రాజ్యం,

తెనాలి వెళ్ళకు. దయచేసి వెళ్ళకు. రొయ్యల లారీలు ఒక దారికి రాగానే నేనే బాపట్ల వచ్చి అంతా చెబుతాను. ఆశీర్వాదం గారితో ఏమీ మాట్లాడకు. ఆ మిగిలిన జిగురు పారబోయకు.

తొందరలో రాస్తున్నా, లారీ వాడు హారను కొడుతున్నాడు.

నీ
ఎజ్రా

*

బాపట్ల,
22 నవంబరు 1993.

నా ప్రియమైన ఎజ్రా గారికి,

మీ ఉత్తరం నాకు శనివారం సాయంత్రం అందింది. పొద్దున్నే పాసింజరెక్కి తెనాలి వెళ్ళి, వచ్చేశాక. ఆ తర్వాత ఇరవయ్యో తారీఖు దాటేదాకా రావద్దనీ, రాయవద్దనీ మీకు ఒక్క ముక్క కార్డు రాసి ఊరుకున్నాను. మీరు రాలేదు, రాయలేదు. ఈ రెండు వారాలూ మీరెంత భయపడి ఉంటారో ఊహించగలను. కాస్త భయపడాలనే అలా చేశాను. ఇప్పుడు చాలు, అంతా చెబుతాను.

ఆశీర్వాదం గారు వరండాలో కూర్చుని పేపరు చదువుతున్నారు. నేను "ఆ పోస్టులో చేరతానండి" అన్నాను. ఆయన నావైపు వింతగా చూసి, "అదేంటమ్మా? ఆ పోస్టు ఝాన్సీలక్ష్మి అనే అమ్మాయికి ఇచ్చేశాంగా. దసరా సెలవులవగానే చేరిపోయింది. మీ ఆయన నీకు చెప్పలేదా?" అన్నారు. ఎప్పుడు, ఎందుకు అని అడిగాను. సెప్టెంబరులో మీరే వచ్చి చెప్పారట. నా పెట్టె మీ దగ్గరికి చేరిన వారమే.

మీరేమన్నారో ఆయన ఉన్నదున్నట్టు చెప్పారు. చెప్పకూడదని మీరు ఒట్టు పెట్టించుకోవాల్సింది, పెట్టించుకోలేదు. "ఆ పోస్టు ఖాళీగా ఉన్నంతకాలం నాకు ఆశ చావదు సార్. ఆ సీసాలు నా తొట్టెలో ఉన్నాయి. వాటిని చూసినప్పుడల్లా, ఇవి పాడైతే ఆవిడ ఇంటికొచ్చేస్తుంది గదా అనిపిస్తోంది. ప్రార్థనలో కూర్చుంటే కూడా అదే నోటికొస్తోంది. నేను నా భార్య ఓడిపోవాలని కోరుకుంటున్నాను సార్. ఇలా అయితే ఆ సీసాలకు నేను కాపలా ఉండలేను. ఆ కుర్చీ ఇంకెవరికైనా ఇచ్చేయండి." ఇదీ మీరన్నమాట.

నేను ఆయన ముందే ఏడ్చేశాను. ఆయన కంగారుపడి లోపలికి వెళ్ళి మజ్జిగ తెచ్చారు.

మీ మీద నాకు ఎంత కోపం వచ్చిందో ముందు చెబుతాను. నా ఉద్యోగం అది. నన్ను అడక్కుండా ఎలా వదిలేస్తారు? నా తరఫున వద్దని చెప్పడానికి మీరెవరు? నేను నిజంగా ఓడిపోయి, నాకు ఆ పని నిజంగా అవసరమైతే ఏం చేసేదాన్ని? తెనాలి స్టేషను దాకా ఇవే అనుకుంటూ నడిచాను. ప్లాట్‌ఫారం మీద ఒకవైపు రేపల్లె బండి నిలబడి ఉంది. ఎక్కి వచ్చి మిమ్మల్ని మొహం మీదే నాలుగు కడిగేద్దామనుకున్నాను. ఎక్కలేదు. నిలబడి ఆలోచించాను. నేను మిమ్మల్ని కావాలని పాడు చేశారా అని అడిగాను. మీరేమో పాడు చెయ్యాలనిపిస్తుందేమోనని ముందే వెళ్ళి మీ చేతులు మీరే కట్టేసుకుని వచ్చారు. అంత పని చేసి, నా ఉత్తరంలో అంతలేసి మాటలు పడి, ఒక్కముక్క బయటపెట్టలేదు. అది తలుచుకుంటే కోపం నిలబడలేదు. బాపట్ల వైపు బండి వస్తే ఎక్కేశాను.

వెనక్కి వెళ్ళడానికి చోటు లేదని తెలిశాక బుర్ర పనిచేసింది. బండిలో కూర్చునే అనుకున్నాను, నేను ఆ జిగురును ల్యాబ్ వేడిలో గంట సేపు పెట్టి తొందరపెడుతున్నాను. కరెంటు పోయి గది ఉడికిపోతోంది. పోగుల చివర్లు ఒకదాన్నొకటి పట్టుకుని నిలవాలంటే చల్లగా ఉండాలి, జిగురుకు తీరిక ఇవ్వాలి. ఈసారి నా బాక్టీరియా ముక్కలు ఎక్కువ వేసి, గాజు తక్కువ వేశాను. గాజు తనను తాను అతికించుకునేలోపు ఏదో ఒక ముక్క అడ్డం పడాలని. సోడా కొట్టు నుంచి ఐసు తెచ్చి ఫ్లాస్కులో నీళ్ళతో పోసి, సీసాను అందులో తేలేసి, మూత పెట్టి, ముట్టుకోకుండా మర్నాటిదాకా వదిలేశాను. నేను ఒకదాన్ని ముట్టుకోకుండా వదిలెయ్యడం ఎంత కష్టమో మీకు తెలుసు.

బుధవారం పొద్దున పళ్ళెం తీశాను. నీలం, నీలం, నీలం, ఒక మూలన తెల్లది. దాని పక్కన ఇంకోటి. పళ్ళెం తిప్పుతుంటే ఇంకా ఉన్నాయి. నేను అరిచిన అరుపుకు అటెండరు చీపురు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు, పాము అనుకుని. శివరామయ్య గారు చెప్పులు వేసుకోకుండా వచ్చారు. తెల్లవాటిలోంచి గాజు బయటికి తీసి, మీ కత్తెరతోనే కోసి జెల్లులో నడిపాం. గాజు ఒక గీత, నా ముక్క ఒక గీత. రెండూ ఎదురుగా మెరుస్తూ కనిపించాయి. అతుక్కుంది.

కమిటీ వాళ్ళు మొన్న వచ్చారు. ఎంజైములు ఎక్కడ నిలవ ఉంచారని అడిగారు. రేపల్లెలో రొయ్యల ఐసు ప్లాంటులో అని చెప్పాను. అందులో పెద్దాయన నవ్వుతారనుకున్నాను, రాసుకున్నారు. ఉప్పుకు తట్టుకునే గుణం ఏ ముక్కలో ఉందో ఇంకా వెతకాలి, పని ఇప్పుడే మొదలైంది. ఇంకో మూడేళ్ళు ఇచ్చారు.

మూడేళ్ళు, ఎజ్రా గారూ. ఇది మీకు ఎంత కష్టమో ఇప్పుడు నాకు తెలుసు. నాకూ కష్టమే. ఈ ఆదివారం రండి, ఆ పళ్ళెం చూపిస్తాను. వచ్చే నెల నుంచి శుక్రవారం సాయంత్రమే నేను బస్సెక్కుతాను, ల్యాబ్‌లో ఎవరేమన్నా సరే. కానీ మీరు నాకొక మాట ఇవ్వాలి. మీ మనసులోది ఆశీర్వాదం గారికి చెప్పారు, దేవుడికి చెప్పారు, నాకు చెప్పలేదు. ఇకమీదట నేను ఓడిపోవాలని మీకు అనిపించినప్పుడల్లా, ముందు నాకే రాయండి. నేను కోప్పడను. కోప్పడినా, గెలుస్తాను.

మీ
సామ్రాజ్యం